పదో రోజు అడిగే మనిషి కావాలి

మా మేనత్త పలాసలో జీడిపిక్కల పని చేస్తుంది. ఏడాదిగా నిద్ర లేదు, తిండి సయించదు, ఊరికే కళ్లనీళ్లు. ఎలాగో ఒప్పించి శ్రీకాకుళం తీసుకెళ్తే, మానసిక వైద్యుడు డిప్రెషన్ అని ఎస్కిటాలోప్రామ్ రాసి నెల తర్వాత రమ్మన్నారు. నెల తిరిగాక వెళ్లి చూస్తే బియ్యం డబ్బా మీద పదిహేను మాత్రల షీటు. నాలుగే ఖాళీ, పదకొండు అలాగే ఉన్నాయి. "కడుపులో తిప్పీసింది, గుండె దడదడలాడీసింది. వేడి చేసీసింది బావూ, ఆపీసినాను" అంది.

అత్తది మొండితనం కాదు. ఈ మందుల్లో కష్టం ముందొస్తుంది, సుఖం తర్వాతొస్తుంది. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఈ మందులు పనిచేసేది సెరటోనిన్ అనే రసాయనం మీద. ఒంట్లో అది ఎక్కువ భాగం పేగుల్లోనే ఉంటుంది కాబట్టి మనసు కోసం వేసుకున్న మాత్ర ముందు కడుపును కదిలిస్తుంది. వికారం, విరేచనాలు, తలనొప్పి, గాభరా చాలామందికి ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటాయి. మనసు తేలికపడటానికి మాత్రం రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈ రెండింటి మధ్యే మందు అటకెక్కుతుంది.

చేయగలిగినవి పెద్ద పనులేం కావు. పరగడుపున కాకుండా చోడి అంబలి తాగాక వేసుకోవచ్చు. నిద్ర చెడితే పొద్దున, మగత కమ్మితే రాత్రి వేసుకునేలా డాక్టరును అడిగి మార్చుకోవచ్చు. సగం మోతాదుతో మొదలుపెట్టమని అడగొచ్చు.

కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మన ఉద్దానం వాళ్లు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. రోజంతా కూర్చుని పని చేసి, సాయంత్రం నడుం నొప్పికి షాపులో మాత్ర కొని మింగడం ఇక్కడ అలవాటు. కిడ్నీలకు ఆ నొప్పి మాత్రలు ఎంత చేటో ఈ ప్రాంతానికి కొత్తగా చెప్పక్కర్లేదు. ఎస్కిటాలోప్రామ్, సెర్ట్రాలిన్ లాంటి మందులతో కలిస్తే కడుపులో రక్తస్రావం ముప్పు కూడా పెరుగుతుంది. ఏ నొప్పి మాత్ర వాడుతున్నారో డాక్టరు అడగకపోయినా మనమే చెప్పాలి. బీపీకి మూత్రం ఎక్కువగా వచ్చే మాత్ర వాడే పెద్దవాళ్లకు ఈ మందులు తోడైతే రక్తంలో సోడియం (ఉప్పు) పడిపోయి తికమక, తూలుడు మొదలవ్వొచ్చు. వయసు మీద పడిందిలే అని వదిలేస్తాం. ఒక్క రక్త పరీక్షతో బయటపడే విషయం అది.

చెన్నై పనులకు వలస వెళ్లేవాళ్లకు దారిలో షీటు అయిపోతుంది. ఉన్నట్టుండి ఆగితే తల తిరుగుడు, తలలో షాక్ కొట్టినట్టు జిల్లుమనడం మొదలవుతాయి. జబ్బు తిరగబెట్టిందనో, మందుకు బానిసయ్యామనో బెదిరిపోతారు. ఈ తరహా మందుల్లోనే పెరాక్సిటిన్, వెన్లాఫాక్సిన్‌లతో ఇది మరీ ఎక్కువ. మాన్పించాలన్నా వారాల తరబడి మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

మగాళ్లు నోరు విప్పని బాధ ఒకటుంది. కోరిక తగ్గడం, కలయికలో ఇబ్బంది. చెప్పుకోలేక గుట్టుగా మాత్ర మానేస్తారు. ఆడవాళ్లకూ ఈ ఇబ్బంది ఉంటుంది, వాళ్లను అసలు అడిగేవాళ్లే లేరు. ఇది దానంతటదే తగ్గుతుందని చూస్తూ కూర్చోకూడదు. మోతాదు తగ్గించడానికీ, మందు మార్చడానికీ వీలుంది. సిగ్గు పడాల్సిన పని రోగికి లేకుండా డాక్టరే ముందు అడగాలి.

ఓర్చుకోకూడని లక్షణాలూ ఉన్నాయి. మందు మొదలుపెట్టిన వారాల్లో కుదురు లేని ఆందోళన, చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో పిల్లల విషయంలో ఈ హెచ్చరిక పెట్టి, 2007లో 24 ఏళ్ల వరకు పెంచింది. నిద్ర లేకున్నా హుషారు పొంగిపోతూ, ఆపకుండా మాట్లాడుతున్నా అంతే. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416కు రాత్రయినా పగలయినా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళానికి నూరు కిలోమీటర్లు దాటుతుంది. కూలి మానుకుని అంత దూరం వచ్చిన మనిషికి చీటీ ఇచ్చి నెలకు రమ్మంటే, ఆ నెల ఎలా గడుస్తుందో పట్టించుకోనట్టే. చీటీ వెనక నాలుగు తెలుగు ముక్కలు రాయాలి. పదో రోజున ఆశా కార్యకర్తో, ఏఎన్ఎమ్మో గడపలోకి వచ్చి "మాత్ర పడుతోందా?" అని అడగాలి. కొత్త భవనాలు కట్టక్కర్లేదు. బీపీ, షుగరు మాత్రల గురించి అడిగే నోటితోనే ఇదీ అడగొచ్చు.

మా అత్తకు ఆ మందే సగం మాత్రతో మళ్లీ మొదలైంది. మొదటి రెండు వారాలూ రోజూ నేనే ఫోన్ చేశాను. ఇప్పుడు ఐదో నెల. నిద్ర పడుతోంది, పనికి వెళ్తోంది. చెమటలు మాత్రం తగ్గలేదు. ఈసారి వెళ్లినప్పుడు డాక్టరుకు చూపించడానికి, చెమట పట్టిన రోజుల మీద క్యాలెండర్‌లో గీతలు పెట్టుకుంటోంది.