ఓడిపోవడానికీ డబ్బుండాలి
డబ్బున్న ఇంట్లో పుట్టినవాళ్లే ప్రొఫెషనల్ టెన్నిస్‌లో నిలబడతారని అమెరికా క్రీడాకారిణి జెస్సికా పెగులాని చూపించి ఒకరు రాశారు. ఆమె తండ్రికి వేల కోట్లున్నమాట నిజమే. కానీ జొకోవిచ్ వాళ్లది సెర్బియాలో కొపావొనిక్ కొండ మీద పిజ్జా హోటలు, కొడుకు ఆట కోసం తండ్రి అప్పులు చేశాడు. విలియమ్స్ అక్కచెల్లెళ్లు వీనస్, సెరీనా అమెరికాలోని కాంప్టన్‌ అనే ఊళ్లో పబ్లిక్ కోర్టుల్లో ఆడి పెరిగినవాళ్లే. నన్నడిగితే డబ్బు అక్కరకొచ్చేది ఇంకా ఓడిపోతూ ఉండే ఏళ్లలో. ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) అడుగు మెట్టు పురుషుల టోర్నీలో మొత్తం ప్రైజ్‌మనీయే 15,000 డాలర్లు, అందరూ పంచుకోవాలి. మొదటి రౌండ్‌లో పోతే హోటల్ ఖర్చులకు కూడా రావు. సుమిత్ నాగల్ దేశంలో నంబర్ వన్‌గా ఉండి కూడా 2023లో తన ఖాతాలో 900 యూరోలే ఉన్నాయని చెప్పుకోవాల్సి వచ్చింది. ఇక మా నెల్లూరు సంగతి. మా అక్క కొడుకు బాగా ఆడేవాడు. బావ రొయ్యల చెరువులు కౌలుకు చేసేవాడు. రొయ్యకు రేటు పలికిన ఏడాది హైదరాబాద్, చెన్నై టోర్నీలు, చెరువుకు వైరస్ తగిలిన ఏడాది ఇంటి గోడకేసి కొట్టుకోవడం. బంతుల మీద నూగంతా పోయి నున్నగా అయ్యేదాకా వాటితోనే. రాకెట్ తీగ తెగితే, కొత్తది వేయించుకురావడానికి చెన్నై వెళ్లేవాళ్లెవరున్నారా అని అక్క ఫోన్లు మొదలుపెట్టేది. వాడి చేతిలో ఓడిన కుర్రాడొకడు స్పెయిన్‌లో అకాడమీకి వెళ్లాడు, వీడు ఇంటర్ ఎంపీసీలో చేరాడు. ఛాంపియన్ అయ్యుండేవాడని అనను, సర్వీస్ అంతంతమాత్రమే. అదేదో తేలేదాకా ఆడే వీలే లేకపోయింది.