పదిహేడో నంబరు జంపఖానా

మా మేనకోడలికి ఇన్‌స్పిరేషన్ కావాలట. అది కూడా సోమవారం పొద్దుటికల్లా కావాలట.

పిల్ల హైదరాబాద్‌లో ఫ్యాషన్ డిజైన్ రెండో సంవత్సరం. మ్యూజియాలు, గ్యాలరీలు తిరగాలి, చూసినదంతా స్కెచ్‌బుక్‌లోకి ఎక్కించాలి, నచ్చిన బొమ్మలు, రంగులు, బట్ట ముక్కలు ఒక అట్ట మీద అతికించి మూడ్ బోర్డు కట్టాలి, దాంట్లోంచి ఆరు డ్రెస్సులు గియ్యాలి. ఇదీ కాలేజీ హుకుం. మా కాలంలో ఇన్‌స్పిరేషన్ వస్తే వచ్చేది, లేకుంటే లేదు. రానివాళ్లు బీఈడీ చేసేవాళ్లు. ఇప్పుడు దానికి ఇరవై మార్కులు, ఒక వైవా.

మొదట సాలార్‌జంగ్‌కు పోయింది. 1876లో మొదటి సాలార్‌జంగ్ తెప్పించిన ఆ ముసుగు రెబెక్కాను చూడని తెలుగువాడు తక్కువ. బెంజోని అనే ఇటలీ శిల్పి పాలరాతిని పల్చని బట్టగా మార్చిన ఆ బొమ్మ ముందు గంటసేపు నిలబడి, మా పిల్ల బట్టను పాలరాయిగా మార్చే ఉపాయంతో ఇంటికొచ్చింది. నిండా గంజి పెట్టిన నెట్ గౌను. వేసుకుంటే కూర్చోలేరు. అదే అడిగితే, "కూర్చోవడం కాన్సెప్ట్‌లోనే లేదు మామా" అన్నది.

ఆ తర్వాత వరంగల్ వంతు. హన్మకొండలో ఒక హాల్లో వస్త్రకళ ప్రదర్శన పెట్టారు. దాని పేరు ఇంగ్లీషులో, పేరు తర్వాత కోలన్, కోలన్ తర్వాత ఇంకో పేరు. రెండు పేర్లున్న ప్రదర్శనకు ఒక్క ఫ్యాను తిరుగుతోంది. నడుమ గోడకు, లైట్ల వెలుగులో, ఎర్ర తాడు అవతల, "తాకరాదు" అన్న బోర్డు కింద వేలాడుతున్నదేమిటయ్యా అంటే, జంపఖానా.

వరంగల్ వాళ్లకు జంపఖానా అంటే ఏమిటో నేను చెప్పాలా? పెళ్లిలో దాని మీదే కూర్చున్నాం, దినాలలో దాని మీదే కూర్చున్నాం, ఎన్నికల మీటింగుల్లో దాని మీదే నిద్రపోయాం. ఆ గోడ మీది జంపఖానా కూడా అలా బతికొచ్చిందే. ఎర్ర చారలు, నీలం చారలు, ఒక పక్క అరచేయంత పసుపు మరక. అది ఏ పెళ్లి పప్పుచారో చూడంగనే ఎవరికైనా తెలుస్తుంది. కింది మూల నల్ల పెయింటుతో ఒక టెంట్ హౌస్ పేరులో సగం, దాని పక్కన 17 అన్న అంకె. పదిహేడో నంబరు జంపఖానా. పిల్లలందరూ నేల మీద కూర్చుని (వాళ్లకు వేసేందుకు జంపఖానా లేదు) దీక్షగా గీస్తున్నారు. మా పిల్ల మరకను "ఆర్గానిక్ టర్మరిక్" అని రంగుల పట్టీలోకి ఎక్కించింది. 17ను పెద్దగా గీసి పక్కన "గ్రాఫిక్ ఎలిమెంట్, వీపు మీద" అని రాసుకుంది. అంటే రేపు ర్యాంపు మీద ఒక అమ్మాయి టెంట్ హౌస్ సామాను లెక్క నంబరేసుకుని నడుస్తుంది. రాత్రి తిరిగి అప్పజెప్పకపోతే అడ్వాన్స్ కోత.

ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యం. చప్పట్లకని పిలిపించిన మహిళా సంఘం ఆడవాళ్లు ఇరవై మంది గోడవారన నిలబడి ఉన్నారు. కుర్చీలన్నీ ఫ్లెక్సీలో ఫొటోలున్నవాళ్లతో నిండాయి. హాలు వాచ్‌మన్‌కు అరవై దాటి ఉంటాయి. ఆయన ఆడవాళ్లను చూశాడు. గోడను చూశాడు. మళ్లీ ఆడవాళ్లను చూశాడు. ఆయన జీవితానుభవం మొత్తంలో ఈ రెంటికీ ఒకటే లెక్క. స్టూలెక్కి, జంపఖానా దించి, ఫటేల్ ఫటేల్‌మని రెండుసార్లు దులిపి, ఆ లైట్ల కిందనే, ఎర్ర తాడు లోపలనే పరిచి, "కూసోండమ్మా, ఎంతసేపు నిలవడ్తరు" అన్నాడు. వాళ్లు కూర్చున్నారు. ఒకామె కాళ్లు చాపింది. ఇంకొకామె సంచిలోంచి మక్క గుడాలు తీసింది. చంటిపిల్లవాడు సరిగ్గా పదిహేడో నంబరు మీద పండుకున్నాడు.

నిర్వాహకురాలు ఉరుక్కుంటూ వచ్చి, "అయ్యో! అది ఎగ్జిబిట్!" అని గుండె బాదుకుంది. "ఔ మేడం, మంచి గట్టిగున్నది" అన్నాడు వాచ్‌మన్.

లేపుదామా అంటే అప్పుడే ముఖ్య అతిథి దిగాడు. ఎర్ర తాడు, లైట్లు, లోపల గుడాలు తింటున్న ఆడవాళ్లు. చేతులు కట్టుకుని నిమిషం సేపు చూసి, "ఈ ఐటెం నాకు బాగా నచ్చింది. జీవకళ ఉట్టిపడుతోంది" అని మెచ్చుకున్నాడు. ఆడవాళ్లు అలవాటుగా చప్పట్లు కొట్టారు. పిల్లలు కొత్త పేజీ తిప్పి మొదటినుంచి గీశారు. ఈ ఊళ్లో ఆ జంపఖానాను సరిగ్గా అర్థం చేసుకున్న ఏకైక కళావిమర్శకుడు ఆ వాచ్‌మన్ అని నా నిశ్చితాభిప్రాయం.

గోడ మీద లేబుల్ మాత్రం అట్లాగే ఉండిపోయింది. "పేరు తెలియని చేనేత కళాకారుడు. పత్తి నూలు. వరంగల్."

పేరు తెలియని. ఆ హాలు నుంచి, ఈ జంపఖానాలు నేసే కొత్తవాడకు ఆటోలో ఎంతసేపయ్యా? ఈ నేత పనికి 2018లో వరంగల్ దర్రీలని భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చారు గదా! ఊరికి గుర్తింపు ఉంది, బట్టకు గుర్తింపు ఉంది, టెంట్ హౌస్ వాడి పేరు పెయింటుతో సహా ఉంది. నేసినవాడొక్కడే పేరు తెలియనివాడు.

ఇదేం కొత్త కాదు. 1851లో లండన్‌లో పెట్టిన మహా ప్రదర్శనకు మన వరంగల్ తివాచీలు పోయాయి. ఆ ప్రదర్శన ఊపులోనే మరుసటి ఏడు అక్కడ వస్తువులు చూసి డిజైన్ నేర్చుకునేందుకు మ్యూజియం పెట్టారు. ఈనాటి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ అదే. 1866లో ఫోర్బ్స్ వాట్సన్ అనే దొర ఇంకో మెట్టెక్కాడు. మన దేశపు బట్టలను కత్తిరించి, 700 నమూనాలుగా 18 సంపుటాల్లో అతికించి, అటువంటి సెట్లు ఇరవై తయారుచేసి, ఎక్కువ భాగం బ్రిటన్‌లోని మిల్లు ఊళ్లకు పంచాడు. మనవాళ్లు ఏం కడతారో చూసి అక్కడ మరమగ్గాల మీద నేసి మనకే అమ్మడానికి. నేను చెప్తున్నా, ప్రపంచంలో అతిపెద్ద మూడ్ బోర్డు అదీ. దాని దెబ్బకు ఎన్ని మగ్గాలు మూలబడ్డాయో, ఎన్ని ఇళ్లలో పొయ్యి ఆరిపోయిందో ఆ సంపుటాల్లో ఏ పేజీలోనూ అతికించలేదు. ఇప్పుడు మన పిల్లలకు అదే కత్తెర ఇచ్చి, అదే గమ్ము ఇచ్చి, ఇరవై మార్కులు వేస్తున్నాం. పిల్లలను అననుగాక అనను. నేర్పేవాళ్లకు సిగ్గుండొద్దూ?

పేరు పెట్టడం దొరలకు చేతగాకనా? వైవ్ సెయింట్ లారెంట్ అనే ఫ్రెంచి డిజైనర్ 1965లో మాండ్రియన్ అనే చిత్రకారుడి బొమ్మలు చూసి గౌన్లు కుడితే, వాటిని ఇవాళ్టికీ మాండ్రియన్ డ్రెస్సులనే అంటారు. మనకు చేతగాకనా? పాలంపేటలో 1213 నాటి గుడి, లోపల రుద్రేశ్వరుడు. జనం మాత్రం చెక్కిన శిల్పి పేరని రామప్ప గుడి అంటారు. దేవుడి కంటే ముందు పనివాడి పేరు చెప్పే నేల ఇది! ఇక్కడ "పేరు తెలియని" అని లేబుల్ రాయడానికి చెయ్యెట్లా వచ్చింది?

ఆదివారం పిల్లను ఆటో ఎక్కించి కొత్తవాడ తీసుకుపోయాను. ఒక ఇంట్లో మగ్గం ఆగి ఉంది, దాని మీద ఎండేసిన లంగాలున్నాయి. పెద్దావిడ కండెలు చుడుతోంది. పిల్ల ఫోనులో జంపఖానా ఫొటో చూపించింది. ఆమె చారలు చూడలేదు, మరక చూడలేదు. వేళ్లతో పెద్దది చేసి కొసన కుచ్చులు చూసింది.

"గీ ముడి మా బావది" అన్నది. "అందరు గిటు దిక్కు తిప్పి ఏస్తరు బిడ్డా. ఆయనది పుర్రచెయ్యి. అటు దిక్కు తిప్పుతడు."

పిల్ల పేరడిగి రాసుకుంది. మూడ్ బోర్డు నడుమన రాస్తానన్నది.

"రాస్తే పైసలు గిట్ల వస్తయా?" అడిగింది ఆవిడ. పిల్ల నా ముఖం చూసింది. నేను మగ్గం మీది లంగాలు చూశాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలోంచే నిర్వాహకురాలికి ఫోన్ చేసి నేతగాడి పేరు, ఊరు, వాడ చెప్పాను. చాలా సంతోషించింది. ఎంతో విలువైన సమాచారమన్నది. మార్చడానికి మాత్రం వీలుకాదట. లేబుల్‌కు ల్యామినేషన్ అయిపోయిందట.