అంతరిక్ష నౌకలకూ ప్లాన్ అప్రూవల్ పెట్టాల

నెల్లూరులో మూడు అంకణాల (108 చదరపు అడుగుల) గది లేపాలన్నా ప్లాను చూపించమంటారు. కథల్లో, బొమ్మల్లో ఎగిరే అంతరిక్ష నౌకల్ని మాత్రం అడిగే నాథుడు లేడు. కిలోమీటరు పొడవు నౌక గీసి, ఒక్క రేడియేటరైనా (వేడిని బయటికి చిమ్మే పలక) పెట్టకుండా చుక్కల్లోకి తోలేస్తున్నారు. దీన్ని ఇంకా ఉపేక్షించడం తగదని మనవి.

కథల్లో నాగరికత ముదిరే కొద్దీ నౌకల తరం మారుతుంది. వాటిలో తొలి తరం నౌకల మీద పెద్ద అభ్యంతరం లేదు. గాలి లేని చోట రెక్కలెందుకో తెలీదు, పోనీ అందం కోసమనుకుందాం. అంతస్తులు మాత్రం బస్సులో సీట్ల లాగా పొడవునా పరుస్తారు. ఇంజిను తోసేది వెనక నుంచి. కాబట్టి నేల ఇంజిను వైపే ఉండాలి, అంతస్తులు మేడలాగా ఒకదాని మీద ఒకటి రావాలి. లేకపోతే ఇంజిను ఆన్ చేయగానే జనమంతా వెనక గోడకి అతుక్కుంటారు.

రెండో తరానికి, లోపలోళ్ళకి బరువు తెలిసేలా, తిరిగే చక్రం తగిలిస్తారు. 10 మీటర్ల వ్యాసార్ధం చక్రంలో భూమ్మీద ఉన్నంత బరువు రావాలంటే నిమిషానికి తొమ్మిదిన్నర చుట్లు తిరగాలి, లోపలోళ్ళకి వాంతులే. నిమిషానికి 2 చుట్లు చాలాలంటే వ్యాసార్ధం 224 మీటర్లుండాలి.

అసలు నేరం వేడి దగ్గర జరుగుతోంది. శూన్యంలో వేడి పోయే దారి రేడియేషన్ (కిరణాలుగా చిమ్మడం) ఒక్కటే. 1 మెగావాట్ వేడిని 27 డిగ్రీల పలకతో వదిలించాలంటే, ఎంత మంచి నలుపు పూసినా, రెండు వైపులా చిమ్మినా, 1,090 చదరపు మీటర్లు కావాలి. అంకణానికి 36 చదరపు అడుగుల లెక్కన 326 అంకణాలు! అదే పలకని 327 డిగ్రీలకి పెంచండి, 20 అంకణాలు చాలు. కెల్విన్లలో (మన డిగ్రీలకి 273 కలిపితే వచ్చే లెక్క) రెండింతలైతే చిమ్మే వేడి 16 రెట్లవుతుంది మరి. 700 డిగ్రీలు దాటితే పలక మసక ఎరుపు తిరుగుతుంది. అంటే నాగరికత ముదిరే కొద్దీ పలకలు చిన్నవై ఎరుపెక్కాలి. చిత్రకారులకి ఇంత తేలికైన గుర్తు దొరికినా వాడరు! ఎక్కడైనా వాడినా రెండు పలకల్ని ఎదురెదురుగా నిలబెడతారు, ఒకదాని వేడి ఇంకోటి తాగేలాగా.

ఇక చివరి తరం. అతుకు లేదు, కిటికీ లేదు, అద్దంలా మెరిసే వెండి గుడ్డు. మెరుగు పెట్టిన లోహం నల్ల పలక చిమ్మే వేడిలో ఇరవయ్యో వంతు కూడా సరిగ్గా చిమ్మదు. ఆ మహా నాగరికత తన గుడ్డులోనే ఉడికిపోతుంది.

దీనికన్నా చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ నయం. నల్లగా ఉంటుంది, బంగారు చుక్కలు పుట్టుకతోనే ఉన్నాయి, పాలిష్ పట్టినా వేడిని బాగానే చిమ్ముతుంది. బరువే చిక్కు. 20 మిల్లీమీటర్ల పలక చదరపు మీటరుకి 60 కిలోలు తూగుతుంది, పైన చెప్పిన 1,090 చదరపు మీటర్లకి 65 టన్నులు. 1,750 కిలోల చొప్పున ఇస్రో రాకెట్ పీఎస్ఎల్‌వీ శ్రీహరికోట నుంచి 38 సార్లు ఎగరాలి. 2022లో శ్రీహరికోట నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాకి పోయింది గనక, పక్కనున్న సూళ్లూరుపేట లాడ్జీల ఆదాయం కూడా తిరుపతి వాళ్ళ ఖాతాలోకే.