లేజరుగారి హాజరు పట్టీ

పనిగంటలను దైవంగా కొలిచేవాళ్లం మేం. అందుకే ఈ ఫిర్యాదు. ప్రతివాది: ఫెమ్టోసెకన్ లేజర్. సెకనును కోటి భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని మళ్లీ పది కోట్ల ముక్కలు చేస్తే, అందులో ఒక ముక్క పేరు ఫెమ్టోసెకన్.

ప్రయోగశాలల్లో తరచుగా కనిపించే రకాన్నే తీసుకుందాం. సెకనుకు వెయ్యి పల్సులు, అంటే వెయ్యి వెలుగు మెరుపులు, ఒక్కోటి 100 ఫెమ్టోసెకన్లు. అంటే సెకనులో అది నిజంగా వెలిగేది వెయ్యి కోట్లవ వంతు. ఏడాదంతా ఆపకుండా నడిపినా మొత్తం సర్వీసు 3 మిల్లీసెకన్లు. ముప్పై ఏళ్లు చేసి రిటైరైనా ఒక రెప్పపాటుకు సరిపోదు. దీనికో ఏసీ గది, అదరని బల్ల. (గదిలో వేడి కాస్త అటూ ఇటూ అయితే చాలు, దొరగారి మూడ్ పాడవుతుంది.)

ఇక నడవడిక. ఇలాంటి లేజర్లలో ఎక్కువగా వాడే టైటానియం-సఫైర్ స్ఫటికంతో 1982లో పీటర్ మౌల్టన్ లేజర్ చేసి చూపించాడు. అది సుమారు 650 నుంచి 1,100 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాల మధ్య ఏ రంగు అడిగితే ఆ రంగు ఇస్తుంది. అదీ చాలనివాళ్లు పారామెట్రిక్ ఆంప్లిఫయర్ అనే రంగు మార్చే పరికరం తగిలించి, లోపలి స్ఫటికాన్ని కొంచెం తిప్పి, ఇంకా దూరపు రంగులు రాబడతారు. ఏ అణువు ఏ రంగుకు లొంగుతుందో ఆ రంగులో వెళ్లాలట! పైగా పల్సు ఎంత పొట్టిదైతే అందులో అన్ని ఎక్కువ రంగులు కలవాలి. 800 నానోమీటర్ల దగ్గర 10 ఫెమ్టోసెకన్ల పల్సుకు దాదాపు 100 నానోమీటర్ల రంగుల వెడల్పు కావాలి. ఊసరవెల్లి కూడా ఇంత బరితెగించదు.

అన్నిటికంటే అభ్యంతరకరమైనది దాని విచారణ పద్ధతి. మొదటి పల్సు వెళ్లి అణువును కొడుతుంది. వెనకే రెండోది వెళ్లి ఏం జరిగిందో చూసొస్తుంది. రెండోది వచ్చే దారిలోని అద్దాన్ని ఒకటిన్నర మైక్రోమీటర్లు వెనక్కి జరిపితే చాలు, రెండోది 10 ఫెమ్టోసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. అలా ఆలస్యాన్ని మార్చుకుంటూ, బంధాలు తెగే తీరును ఫ్రేము ఫ్రేముగా పట్టుకుంటారు. ఈ పనికే 1999లో అహ్మద్ జెవైల్‌కు రసాయన శాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. మీరీ వాక్యం చదువుతున్నప్పుడు మీ కంట్లో వెలుగును పట్టే రెటినల్ అణువు మెలి తిరగడానికి పట్టేది సుమారు 200 ఫెమ్టోసెకన్లు. దానిమీదా విచారణ పూర్తయింది. గడువు పొడిగించమని ఎవరూ అడగలేదు, మధ్యంతర నివేదిక లేదు. ఇలాంటి సంప్రదాయం పాకితే విచారణ సంఘాల గతేమిటి?

పల్సును సాగదీసి, బలం పెంచి, మళ్లీ కుదించే ఉపాయాన్ని డోనా స్ట్రిక్‌లాండ్, జెరార్ మూరూ 1985లో చెబితే నోబెల్ వచ్చింది 2018లో. ఈ ఒక్క చోట మాత్రం మా పద్ధతి పాటించారు, సంతోషం.

సరే, హాజరైనా సరిగ్గా వేద్దామని ఆ పల్సు నిడివి కొలిచే మీటరు అడిగాం. అంత వేగంగా స్పందించే ఎలక్ట్రానిక్స్ లేవన్నారు. మరెలా కొలుస్తారు? ఆ పల్సునే రెండుగా చీల్చి, ఒక సగంతో రెండో సగాన్ని కొలుస్తారట. అంటే దాని హాజరు అదే వేసుకుంటుంది, సాక్షి సంతకమూ అదే పెడుతుంది.