ఊగే మేడలు, ఊగని పెద్దలు

ఒడిశాలోని గంజాం జిల్లా తెలుగు కుటుంబాలు పిల్లల భవిష్యత్తు పట్ల ఎంతో దూరదృష్టి గలవి గనుక, ఆకాశహర్మ్యాలకు స్ట్రక్చరల్ ఇంజనీరు, అంటే కట్టడం కూలకుండా నిలబడే లెక్కలు కట్టేవాడు, కావాలన్న కోరికను మొగ్గలోనే తుంచవలసిందని బరంపురం పెద్దలకు సవినయంగా మనవి చేస్తున్నాను.

ఆ వృత్తిలో పేరు రాదు. దుబాయి వెళ్ళివచ్చిన మన బాబాయిలందరికీ బుర్జ్ ఖలీఫా టికెట్టు ధర తెలుసు; 828 మీటర్ల ఆ కట్టడాన్ని నిలబెట్టిన లెక్కలు బిల్ బేకర్ అనే ఇంజనీరువని మాత్రం తెలియదు. ఢాకాలో పుట్టిన ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్ తొమ్మిది చదరపు గొట్టాలను ఒకదానికొకటి ఆనించి షికాగోలో 442 మీటర్ల సియర్స్ టవరును నిలిపాడు గాని, పెళ్ళిచూపుల్లో ఆయననైనా మనం అడిగేది సొంతిల్లు ఎన్ని అంతస్తులనే కదా.

అంత ఎత్తులో బరువు కన్నా గాలే పెద్ద శత్రువని ఈ ఇంజనీర్ల వాదన. గాలి గురించి మనకా చెప్పడం? 2013లో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి, తలుపులకు బీరువాలు అడ్డంపెట్టి మనం చేసిన పరిశోధనకు భవన నమూనాల మీదికి గాలి వదిలి పరీక్షించే ఏ విండ్ టన్నెలూ అవసరం పడలేదు. పైగా వారు మేడ ఊగుతుందని ముందే ఒప్పుకుంటారు! అలాంటి ఇంటికి ఏ పంతులుగారు గృహప్రవేశ ముహూర్తం పెడతారు? తైవాన్‌లోని తైపే 101 అనే ఆకాశహర్మ్యంలో ఆ ఊపును తగ్గించడానికి 660 టన్నుల ఉక్కు గోళం వేలాడదీశారు. మన గుమ్మానికి వేలాడే బూడిద గుమ్మడికాయ అంతకన్నా చవక, దిష్టి కూడా తీస్తుంది.

నడవడిక కూడా అనుమానాస్పదమే. న్యూయార్కు సిటీకార్ప్ భవనంలో వెల్డింగుకు బదులు బోల్టులు వేశారనీ, మూలవాటుగా వీచే పెనుగాలికి అవి చాలవనీ 1978లో గ్రహించిన ఇంజనీరు లెమెస్యూరియర్, తనంత తానే వెళ్ళి యజమానులకు చెప్పుకోగా, రాత్రిళ్ళు వెల్డింగు చేయించి సరిదిద్దారు. మన మేస్త్రి అయితే సిమెంటును తిట్టి ఊరుకునేవాడు. కుటుంబ గౌరవం తెలిసిన మనిషి.

అసలు ఎత్తు కట్టడం మనకు కొత్తా? ఇక్కడ ప్రతి డాబా మీదా పిల్లర్ల ఊచలు ఆకాశంవైపు వదిలేసి ఉంటాయి: పెద్దబ్బాయి పెళ్ళికి ఒక అంతస్తు, మనవడికి ఇంకొకటి. ఊచలకు తుప్పు పట్టింది గాని సంకల్పానికి పట్టలేదు. పునాది ఎన్ని అంతస్తులకు వేశారని అడగడం మర్యాద కాదు. అలా అడిగినందుకే మా వీధిలో ఒక ఇంజనీరు కుర్రవాణ్ణి, సొంత మేనల్లుడని కూడా చూడకుండా, స్లాబు భోజనాలకు పిలవలేదు.