గాల్‌బ్లాడర్ ఆపరేషన్ ఖర్చెంత సార్?

డైరెక్టర్ గారికి ఒక చిన్న సందేహం వచ్చింది. "గాల్‌బ్లాడర్ ఆపరేషన్ ఒకటి చేస్తే మనకెంత అవుతోంది?" సాయంత్రంలోగా చెప్పమన్నారు. ఏ సాయంత్రమో చెప్పకపోవడం అకౌంట్స్ వాళ్ల అదృష్టం.

ముందు బిల్లు తీశారు. బిల్లు పేషంటు కట్టేది, ఖర్చు ఆస్పత్రికి అయ్యేది. రెండిటికీ చుట్టరికం తక్కువ. కలపడానికి పాత చిట్కా ఒకటుంది: ఏడాది మొత్తం ఖర్చును మొత్తం బిల్లులతో భాగించడం. 100 బిల్లుకు 70 ఖర్చని తేలిందా, ఇక అన్నిటికీ అదే 0.7. దాంతో 2కి కొని 10కి బిల్లు వేసిన మాత్ర ఖర్చు 7 అయి కూర్చుంటుంది. నర్సు పేరున విడిగా బిల్లుండదు గనక ఆమె ఖర్చు పేషంటు గది అద్దెలో కలిసిపోతుంది. మంచం పక్కన గంట నిలబడ్డా, ఐదు నిమిషాలు నిలబడ్డా ఒకటే.

సరే, టైము ప్రకారం లెక్కేద్దామన్నారు. సర్జన్ గారు "40 నిమిషాలు" అన్నారు. ఆయన గడియారం కోతతో మొదలై కుట్టుతో ఆగుతుంది. మత్తు డాక్టరు గారు 75 అన్నారు. థియేటర్ సిస్టర్ మాత్రం, పేషంటు లోపలికొచ్చిన దగ్గర్నుంచి నేల తుడిచి తర్వాతి కేసుకు బల్ల సిద్ధం చేసేదాకా 110 అన్నారు. లెక్కకు కావలసింది ఆవిడ మాట. రిజిస్టర్లో ఎక్కింది సర్జన్ గారి మాట. నిమిషం రేటులోనూ తిరకాసే. 8 గంటల షిఫ్టు కాగితం మీద 480 నిమిషాలు. డ్యూటీ అప్పగింతలు, భోజనం, స్టోర్ తాళం కోసం వెతుకులాట పోను 80 శాతం మిగిలిందనుకుంటే 384. జీతాన్ని 480తో భాగిస్తే ప్రతి కేసూ చవగ్గానే కనిపిస్తుంది. నెలాఖరున జీతాలు మాత్రం పూర్తిగా ఇవ్వాలి.

సైజు సరిపడక పక్కన పెట్టిన క్లిప్పుల ప్యాకెట్ సీలు విప్పాక పారేయాల్సిందే. అది బిల్లులో ఎక్కదు, 'థియేటర్ సాధారణ వినియోగం' అనే పద్దులో పడుతుంది. పక్క వార్డు నుంచి "ఇప్పుడే ఇచ్చేస్తాం" అని తెచ్చిన కాథెటర్ ఆ పద్దులోనూ ఉండదు.

ఇక లాండ్రీ, లిఫ్టు, సెక్యూరిటీ, డైరెక్టర్ గారి ఏసీ... తిలా పాపం తలా పిడికెడు. లాండ్రీని ఉతికిన కిలోలను బట్టి పంచాలి. తూకం రాసే మనిషి లేక మంచాల లెక్కన పంచారు. రోజుకు మూడుసార్లు దుప్పట్లు మార్చే ఐసీయూ మంచానికీ, మధ్యాహ్నానికే ఖాళీ అయ్యే కంటి వార్డు మంచానికీ ఒకే వాటా. కంటి వార్డు నష్టంలో తేలింది. మూసేశారు. లాండ్రీ మిషనూ, లిఫ్టూ, ఏసీ ఎక్కడికీ పోలేదు. వాటి వాటా పక్క వార్డుల నెత్తిన పడింది. మరుసటి ఏడాది ఈఎన్‌టీ నష్టంలో తేలింది.

గాల్‌బ్లాడర్ సంగతా? ప్రస్తుతానికి మూడు జవాబులున్నాయి. డైరెక్టర్ గారు వాటి సగటు తీయమన్నారు.