చూపించడానికి కూడా భయమా?

2025 డిసెంబరులో తిరువనంతపురంలో జరిగిన 30వ కేరళ అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో 19 సినిమాలకు కేంద్ర సమాచార ప్రసార శాఖ సెన్సార్ మినహాయింపు, అంటే సెన్సార్ సర్టిఫికెట్ లేకుండా ఉత్సవంలో చూపించే అనుమతి, మొదట ఇవ్వలేదు. ఉత్సవం నడుస్తుండగానే షోలు రద్దయ్యాయి. నూరేళ్ల కిందట, 1925లో వచ్చిన ‘బ్యాటిల్‌షిప్ పొటెంకిన్’ కూడా ఆ 19లో ఉంది. గొడవ పెద్దదయ్యాక కొన్నింటికి అనుమతి వచ్చింది, కొన్నింటికి చివరిదాకా రాలేదు. ఆ జాబితాలో పాలస్తీనా దర్శకుల సినిమాలు ఉండటం మమ్మల్ని మరీ కలచివేసింది.

దరఖాస్తులు ఆలస్యంగా వచ్చాయని, విదేశాంగ సంబంధాలూ చూసుకోవాలని కేంద్రం వైపు నుంచి వినిపించిన వాదన. ఆలస్యమే కారణమైతే ప్రారంభ చిత్రంగా ఎంచుకున్న ‘పాలస్తీనా 36’ పేరు ఆ జాబితాలోకి ఎందుకొచ్చింది?

పాలస్తీనా సినిమాలు ఎలా తయారవుతున్నాయో ఒకసారి చూడండి. ‘పాలస్తీనా 36’ దర్శకురాలు అనెమరీ జాసిర్ 2023 అక్టోబరులో షూటింగ్‌కు సిద్ధమవుతుండగానే యుద్ధం మొదలైంది. యూనిట్ జోర్డాన్‌కు మారాల్సి వచ్చింది. ఇక గాజా లోపల ఉన్నవాళ్లకు మారడానికి చోటే లేదు. గాజాలో పుట్టిన దర్శకుడు రషీద్ మషరావి బయట నుంచి నిధి కూడగట్టి, అక్కడి కుర్రాళ్లతో, మహిళలతో 22 చిన్న చిత్రాలు తీయించారు. గుడారాల్లో ఉంటూ, ఫోన్ ఛార్జింగ్‌కే తిప్పలు పడుతూ తీసిన సినిమాలవి. ఒకదాంట్లో పిల్లలు కాగితపు బొమ్మలతో తమ కథ చెప్పుకొంటారు. బాంబు పడితే శవాన్ని గుర్తుపట్టాలని అమ్మ తమ చేతుల మీద, కాళ్ల మీద పేర్లు రాసిందని చెబుతారు. మరొకటి గాడిద బండి నడిపే మనిషి కథ. దాన్ని తీస్తున్న ఎతిమాద్ వషా మధ్యలో కెమెరా ముందుకొచ్చి, తన సోదరుడూ అతని పిల్లలూ చనిపోయారని, ఇక పూర్తి చేయలేనని చెప్పింది. మషరావి బృందం ఆ అసంపూర్తి సినిమాను అలాగే కలిపి ప్రపంచానికి చూపించింది. కళాకారులు ఒకరికొకరు నిలబడటమంటే ఇది.

25 ఏళ్ల ఫొటోగ్రాఫర్ ఫాతిమా హసూనాను ఇరాన్ దర్శకురాలు సెపిదే ఫార్సీ నెలల తరబడి వీడియో కాల్స్‌లో చిత్రీకరించారు. ఆ డాక్యుమెంటరీ ఫ్రాన్స్‌లోని కాన్ చిత్రోత్సవంలో ఒక సమాంతర విభాగానికి ఎంపికైందని తెలిసిన మర్నాడే, 2025 ఏప్రిల్ 16న, ఇజ్రాయెల్ దాడిలో ఫాతిమా కుటుంబ సభ్యులతో పాటు చనిపోయింది.

ఇంత జరుగుతుంటే ఒడ్డున ఉన్నవాళ్లు చేయగలిగిన కనీస సాయం ఇలాంటి సినిమాలను ఒక హాల్లో వేయడం. మనం అదీ సాఫీగా చేయనివ్వలేదు.

మినహాయింపు కోసం శాఖకు వెళ్లేది ప్రధానంగా కథాసారాంశమే. నాలుగు వాక్యాల సారాంశం చదివి, దేశం పేరు చూసి సినిమాను ఆపేయడం అలవాటైతే అది పాలస్తీనాతో ఆగదు. రేపు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏ చిన్న చిత్రోత్సవం వాళ్లయినా, ఢిల్లీకి నచ్చదేమోనన్న టెన్షన్‌తో ముందే తమ జాబితాను తామే కత్తిరించుకుంటారు. నిషేధమని ఎవరూ ప్రకటించనక్కర్లేదు, కారణం చెప్పనక్కర్లేదు. ఒక్కసారి ఈ దారి పడితే ఏ పార్టీ గద్దెనెక్కినా దాన్ని వాడుకుంటుంది. మా భయమంతా దాని గురించే.

పైగా పాలస్తీనాను 1988లోనే దేశంగా గుర్తించినవాళ్లం మనం. 2025 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితిలో రెండు దేశాల పరిష్కారానికి ఓటేశాం. ఐరాసలో మద్దతు, ఇంట్లో నిషేధం. ఇదేం నీతి?

తెలుగువాళ్లం మరో సంగతి గుర్తుంచుకోవాలి. 2021లో ‘నాటు నాటు’ తీసింది కీవ్‌లోని మరియిన్‌స్కీ ప్యాలెస్ ముందు. అది యుక్రెయిన్ అధ్యక్ష భవనం. పరాయి దేశం తన అధ్యక్ష భవనం ముంగిట మన సినిమాకు చోటిచ్చింది. కొన్ని నెలలకే ఆ నగరం మీద క్షిపణులు పడ్డాయి. ఆ పాట 2023లో ఆస్కార్ తెచ్చినప్పుడు కళకు సరిహద్దుల్లేవని వేదికలెక్కి చెప్పుకున్నాం. ఆ మాట నిజమైతే తిరువనంతపురంలోనూ చెల్లాలి కదా?

కేంద్రం ఆ 19 సినిమాల్లో దేన్ని ఏ కారణంతో ఆపిందో రాతపూర్వకంగా బయటపెట్టాలి. ఇక మన పరిశ్రమ పెద్దలకు ఒక మాట. టికెట్ ధరలు పెంచమని, ప్రత్యేక షోలు ఇమ్మని ముఖ్యమంత్రుల ఇళ్లకు బృందాలుగా వెళ్లడం మీకు తెలుసు. ప్రాణాలకు తెగించి సినిమా తీస్తున్న తోటి కళాకారుల కోసం ఒక్క కాగితం మీద సంతకాలు పెట్టడానికి ఇంకెన్నాళ్లు కావాలి? రేపు మీ సినిమా ఇలాగే ఆగితే తోడు రమ్మని ఎవరిని, ఏ ముఖంతో అడుగుతారు?